స్వావలంబనమా, పరాశ్రయమా? - రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ యాత్రాకథనం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: పరదేశంలో ఒంటరిగా తిరిగినవారి రచనలను విమర్శ సాధారణంగా సాహసం, స్వేచ్ఛ అనే రెండు మాటలతో సరిపెడుతుంది. రాహుల్ సాంకృత్యాయన్ 1929 నాటి టిబెట్ యాత్రాకథనాన్ని ఆయన తరువాత రాసిన 'ఘుమక్కడ్ శాస్త్ర'తో కలిపి చదివితే, అటువంటి రచనకు బలం స్వావలంబనం నుంచి కాక పరాశ్రయం నుంచి వస్తుందని తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ అంశాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, రాహుల్ సాంకృత్యాయన్, టిబెట్, ఆతిథ్యం, స్త్రీ యాత్రికులు.

ఉపోద్ఘాతం

తెలుగులో యాత్రాసాహిత్య చర్చను ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'తో ప్రారంభించడం ఆనవాయితీ. 1830-31లో ఆయన పెద్ద పరివారంతో ప్రయాణించారు. నేటి విదేశీ యాత్రారచనల్లో చాలావాటిలో విమానాశ్రయానికి కొడుకో కూతురో కారు తెస్తారు. ముక్కూమొహం తెలియనివారి గడప ముందు నిలబడి రాత్రికి చోటు అడగవలసిన అవసరం ఈ రెండు సందర్భాల్లోనూ అరుదు. అందువల్ల ఇటువంటి రచనల్లో 'చూశాను' అన్న క్రియ విరివిగా కనిపిస్తుంది, 'అడిగాను' అన్నది తక్కువ. 'వోల్గా నుంచి గంగకు' ద్వారా తెలుగు పాఠకులకు చిరపరిచితులైన రాహుల్ ఈ రెండో క్రియకు చెందిన యాత్రికులు.

బిచ్చగాడి వేషం, పెద్దమనిషి గుర్రం

నేపాల్ మీదుగా టిబెట్‌లోకి భారతీయులకు ప్రవేశం లేని కాలమది. రాహుల్ బిచ్చగాడి వేషంలో వెళ్లారు. తోడుగా సుమతి అనే మంగోల్ భిక్షువు ఉన్నాడు. థొంగ్లా కనుమకు ముందున్న చివరి గ్రామంలో సుమతికి తెలిసినవాళ్లున్నందువల్ల, ఆ వేషంలోనూ మంచి బస దొరికింది. అయిదేళ్ల తరువాత అదే దారిలో గుర్రం మీద, పెద్దమనిషి వేషంలో వచ్చినప్పుడు ఎవరూ చోటివ్వలేదు. ఊళ్లోకెల్లా నిరుపేద గుడిసెలో తలదాచుకోవలసి వచ్చింది. సాయంత్రం 'ఛంగ్' తాగాక స్థిమితంగా ఉండేవారు తక్కువని, ఆతిథ్యం అప్పటి మనుషుల మనఃస్థితిని బట్టి ఉంటుందని రాహుల్ రాశారు. ఈ ఒక్క పోలికలో టిబెట్ సమాజం గురించి తెలిసేది పుటలకొద్దీ వర్ణనలో తెలియదు.

దోపిడీదొంగల భయమున్న చోట్ల ఆయనకు వేషమే ఆయుధం. అనుమానాస్పదంగా ఎవరైనా కనిపిస్తే టోపీ తీసి, నాలుక చాచి, దయచూడమని పైసా అడుక్కోవడమే. మందకొడి గుర్రం వల్ల వెనకబడి, దారి తప్పి ఆలస్యంగా చేరినప్పుడు సుమతి కోపంతో ఎర్రబడి ఉన్నాడు. తప్పు గుర్రానిదని రాహుల్ సంజాయిషీ చెప్పుకున్నారు. మహాపండితుడిగా లోకం ఎరిగిన మనిషి తనను తాను ఇంత చిన్నగా చూపించుకోవడం నా దృష్టిలో ఈ కథనంలో అన్నిటికంటె విలువైన గుణం.

శాస్త్రం చెప్పినది

సుమారు రెండు దశాబ్దాల తరువాత రాసిన 'ఘుమక్కడ్ శాస్త్ర' స్వరం వేరు. మొదటి అధ్యాయానికి బ్రహ్మసూత్రాల ధోరణిలో పేరు పెట్టి, బంధాలు తెంచుకొమ్మని, స్వావలంబనం అలవరచుకొమ్మని, ఏదైనా చేతిపని నేర్చుకొమ్మని యువతను ప్రబోధించారు. స్త్రీల సంచారహక్కు కోసం ఒక అధ్యాయమే కేటాయించారు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు.

అయితే టిబెట్ కథనాన్ని పాఠంగా చెప్పిన రోజున ఒక విద్యార్థిని, "ఆ ఊళ్లో ఆ సాయంత్రం రాహుల్‌గారి బదులు నేనుంటే, మేడమ్?" అని అడిగింది. శాస్త్రగ్రంథం నుంచి సమాధానం చెప్పబోయి ఆగిపోయాను. టిబెట్‌లో స్త్రీలకు పరదా లేదని, అపరిచితుడైనా ఇంట్లోకి వెళ్లి, తన తేయాకు అత్తగారికో కోడలికో ఇస్తే వెన్న, ఉప్పు వేసి చిలికి ఇస్తారని రాహుల్ మెచ్చుకుంటూ రాశారు. అంటే ఆయనకు తలుపు తెరిచినదీ, టీ కాచినదీ స్త్రీలే. బిచ్చగాడి వేషం పురుషుడికి రక్షణ అయింది. స్త్రీకి అదే వేషం రక్షణ అవుతుందని ఆ కథనం ఆధారంగా చెప్పలేం. స్త్రీల హక్కును గ్రంథం సమర్థించింది. ఆ రాత్రి బస ప్రశ్న మాత్రం అలాగే ఉంది. తెలుగు స్త్రీల విదేశీ యాత్రారచనలను పరిశీలించేవారు ముందుగా వెతకవలసింది ఈ బస ప్రస్తావనలనే.

మరొక అంశం. సుమతి అన్నది ఆ భిక్షువు అసలు పేరు కాదు. టిబెటన్ పేరుకు సంస్కృతార్థం చూసి, సౌకర్యం కోసం రాహుల్ అలా పిలిచారు. ఊరూరా బస దొరకడానికి కారణమైన పరిచయాలన్నీ ఆ భిక్షువువే. షేకర్ విహారంలో చేతిరాత కంజూర్ సంపుటాలు 103 కనిపించగానే రాహుల్ వాటిలో మునిగిపోయారు. సుమతి తన యజమానులను చూసి వస్తానంటే, ఈసారి వద్దనలేదు.