జపము – లెక్క : ‘జపుజీ’పై ఒక పరిశీలన

‘జపము’ అనగానే మన తెలుగిండ్లలో మొదట జ్ఞప్తికి వచ్చునది సంఖ్య. నూటయెనిమిది, వేయిన్నెనిమిది, లక్ష, కోటి – వీనిలో ఏదియో యొకటి జతపడనిదే ఆ మాట మనకు నిండుగా వినబడదు. గాయత్రిని వ్రేళ్ల కణుపులపై లెక్కింతుము. రామనామమును గళ్ల పుస్తకమున వ్రాసి కోటి నింపుదుము. జపమాలలో మేరుపూసను దాటరాదని పిల్లలకు నేర్పుదుము. ఇట్టి అలవాటులో పెరిగినవారము గనుక, సిక్కుల ప్రాతఃకాల ప్రార్థనకు ‘జపుజీ’ యని పేరని వినినంతనే, అదియు మన లెక్కజపము వంటిదే కాబోలునని తలంతుము. మాట యొక్కటే యైనప్పుడు అర్థమును ఒక్కటే యనుకొనుట సహజము. అది యెంతవరకు నిజమో విచారించుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

తెలుగువారి సంచికలో సిక్కుల జపమునకు చోటేల యని కొందరడుగవచ్చును. మహారాష్ట్రమున స్థిరపడిన మనవారికి ఈ ప్రశ్న రానక్కరలేదు. భద్రాచలమున రామనామమును వినెడి గోదావరియే అంతకు ఎగువన నాందేడున వాహెగురు నామమును వినుచున్నది. పదవ గురువైన గురు గోవిందసింగు 1708లో అచ్చటనే దేహము చాలించెను. తన తరువాత గ్రంథమే గురువని ఆయన శాసించినది అచ్చటనే యని సిక్కుల విశ్వాసము. మహారాజా రణజిత్‌సింగు పూనికతో 1832 – 1837 మధ్య అచ్చట హుజూర్ సాహెబు మందిరము వెలసెను. 1956వరకు నాందేడు హైదరాబాదు రాజ్యములోనిదే. కావున ఆ నది యొడ్డున తెలుగు కుటుంబములును సిక్కు కుటుంబములును ఇరుగుపొరుగులుగా బ్రదుకుట నేటి మాట కాదు. పొరుగువాని పూజ నెరుగక పోవుట పొరుగుతనమునకే లోటు.

మేము పండితులము కాము. చిరకాలము ఖాతాపుస్తకములు వ్రాసి విరమించిన గుమాస్తాలము. లెక్క యన్న మాట యెచ్చట కనబడినను మా కన్ను అచ్చట నిలుచును. జపుజీని ఆ కంటితోనే చూచితిమి.

జపుజీ గురు నానకు (1469 – 1539) రచన. అయిదవ గురువైన గురు అర్జునుడు 1604లో ఆదిగ్రంథమును కూర్చి అమృతసరమునందలి హరిమందిరమున ప్రతిష్ఠించెను. నేడు అచ్చుప్రతులలో 1430 పుటలుగా స్థిరపడిన ఆ మహాగ్రంథమునకు జపుజీయే ముఖద్వారము. మొదట మూలమంత్రము, పిదప నొక శ్లోకము, నడుమ 38 పౌడీలు, చివర మరియొక శ్లోకము – ఇది దాని కట్టుబడి. పౌడీ యనగా మెట్టు. సిక్కులు దీనిని వేకువజామున నిత్యము పఠింతురు.

ఇందు మొదట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ గ్రంథము అక్షరముతో గాక అంకెతో ఆరంభమగును. ఓంకారమునకు ముందు ‘1’ అను అంకె నిలిచియుండును. దానిని ‘ఇక్’ అని చదువుదురు. దైవ మొక్కడే యని భావము. సంఖ్యను పరిహరింపదలచిన గ్రంథమైనచో అంకెను మొదటనే నిలుపదు గదా! అయితే ఆ అంకె తరువాత రెండు లేదు, మూడు లేదు. లెక్కింపు మొదలగుటయు నిలిచిపోవుటయు ఆ ఒకటియందే.

ఇక మొదటి పౌడీలోనే లక్ష యను సంఖ్య వచ్చును. లక్షమారులు చింతించినను చింతనకు ఆ వస్తువు చిక్కదని కవి భావము. మన వాడుకలో లక్ష సిద్ధికి గుర్తు. లక్ష జపించితిమన్నచో ఏదియో సాధించితిమన్నమాట. ఇచ్చట లక్ష మానవుని అశక్తికి కొలతబద్ద యైనది. పదునేడవ పౌడీ మొదలు మూడు పౌడీలలో ‘అసంఖ్యము’ అను మాట మరల మరల వచ్చును. జపించువారు అసంఖ్యాకులు, తపించువారు అసంఖ్యాకులు; వెంటనే మూర్ఖులును దొంగలును అసంఖ్యాకులే. మంచివారి పద్దును చెడ్డవారి పద్దును ఇట్లు ఎదురెదురు పుటలలో వ్రాసి, తుదకు అసంఖ్యమని పలుకుటయు తలపై బరువు మోయుటయే యని కవి తేల్చును. ఇరువదిరెండవ పౌడీలో పాతాళములను ఆకాశములను లక్షలుగా చెప్పి, పరమతగ్రంథములు లోకములను పదునెనిమిదివేలుగా చెప్పుటను పేర్కొని, ఈ లెక్క వ్రాయబూనినచో లెక్కయే కడతేరునని ముగించును. ఖాతాల నడుమ జీవితము గడపిన మాబోటివారికి ఈ మాట సూటిగా తగులును.

ఇంతలో ముప్పదిరెండవ పౌడీలో పాట తిరుగబడినట్లుండును. ఒక నాలుక లక్ష నాలుకలు కావలెనట, ఆ లక్ష ఇరువది లక్షలు కావలెనట, ప్రతి నాలుకయు లక్షలమారులు ఆ యొక్క నామమునే పలుకవలెనట. నాలుకకు ఒక లక్షయే పట్టినను ఇది ఇరువది వేల కోట్లగును. లెక్కజపమును సమర్థించువారు ఈ పౌడీనే ఆధారముగా చూపవచ్చును. కాని వారు పౌడీని తుదివరకు చదువవలెను. ఆకాశపు కబుర్లు విని పురుగులును ఎగురబూనుట వంటిదని కవి హెచ్చరించును. లభించునది కృపచేతనే, తక్కినది బూటకపు డంబమని చెప్పును. కావున ఆ మహాసంఖ్య మనము నింపవలసిన కోటా కాదు. ప్రేమ తనకు చాలినన్ని నాలుకలు లేవని వాపోవుటయే ఆ సంఖ్య. దీనిని విధిగా తీసికొన్నచో కవితయు చెడును, భక్తియు చెడును.

మరి జపమునకు కొలత యేది? జపుజీలో ఎనిమిదవ పౌడీ మొదలు నాలుగు పౌడీలు ‘వినుట’ను గూర్చినవి. తరువాతి నాలుగును ‘మనసార నమ్ముట’ను గూర్చినవి. నోటికంటె చెవికిని, చెవి తరువాత మనసునకును ఇచ్చట పెద్దపీట. వ్రేళ్లకు ప్రత్యేకించి ఒక్క పౌడీయైన లేదు. ‘జపము’ అను పేరుగల రచన వినుటకు ఇంత స్థలమిచ్చుట దాని ప్రత్యేకత యని మా యభిప్రాయము.

నానకుని జీవితమును గూర్చి జన్మసాఖీలను ఆశ్రయించి ప్రచారమందిన యొక కథ ఇచ్చట స్మరింపదగినది. ఆయన సుల్తాన్‌పురములో దౌలత్‌ఖాను లోడీ ధాన్యకోశమున కొలగాడుగా పనిచేసెను. ధాన్యము తూచుచు ఒకటి, రెండు అని లెక్కించుచు పదుమూటికి వచ్చి ఆగిపోయెనట. పంజాబీలో పదుమూటికి ‘తేరాఁ’, ‘నీదే’ యనుటకు ‘తేరా’. ఆ శబ్దము చెవిని పడగానే అంతయు నీదే, నీదే యనుచు తూచుచునే యుండెనట. ఈ శ్లేష తెలుగున నిలువదు. మన పదుమూడు వట్టి పదుమూడే. కాని కథలో తరువాతి భాగము మన కక్కరకు వచ్చును. కోశమును దోచిపెట్టుచున్నాడని ఫిర్యాదు పోగా లెక్కలు తనిఖీ చేసిరి, తరుగు కనబడలేదు. దీనిని చరిత్రగా కాక సంప్రదాయముగా గ్రహించినను ఇందొక నీతి యున్నది. దైవముతో లెక్క మరచినవాడు యజమాని లెక్కను తప్పలేదు. భక్తి పేర కొలువులో అలసత్వము చూపువారికి ఈ కథ అండ కాజాలదు.

లెక్కకు తగిన చోటేదో ఆదిగ్రంథమే చూపుచున్నది. గురు అర్జునుడు గ్రంథమును కూర్చునప్పుడు పదముల చివర చరణముల సంఖ్యను, పదముల సంఖ్యను, వాని మొత్తములను వేయించెను. మా భాషలో చెప్పవలెనన్న ప్రతి పుటకును కూడిక వేసి తరువాతి పుటకు ‘తెచ్చిన మొత్తము’ వ్రాసినట్లున్నది. పరులు నడుమ నొక పదము చొప్పించినచో మొత్తము తప్పి బయటపడును. ఆయన సుఖమనీ కూడ ఇరువదినాలుగు అష్టపదులుగా, ఒక్కొక్కటి ఎనిమిదేసి పౌడీలుగా లెక్క తప్పక నడచును. పాఠమును కాపాడుటకు లెక్క కావలెను. భక్తుని తూచుటకు మాత్రము అది చాలదు.

ఇట్లన్నంత మాత్రమున సిక్కులలో మాల లేదనుట సత్యము కాదు. ఉన్నిదారముతో నూటయెనిమిది ముడులు వేసిన మాల నామధారీలకు నియమము. ఇనుపపూసల ‘సిమరనా’ను చేత ధరించువారును కలరు. గురు నానకుని చిత్రపటములలోనే చేతియందు మాల కనబడుట మనమెరిగినదే. చెదరెడి మనసునకు పూస యొక కట్టుకొయ్య యని వారందురు. ఆ మాటను త్రోసిపుచ్చజాలము. ఆలయు మొదట రాటకు కట్టుబడిననే గదా దొడ్డికి అలవాటుపడును. ఐనను అదే గ్రంథమున చేరిన కబీరు సూక్తులలో కొయ్యపూసలను లోకమునకు చూపి హృదయమున రాముని తలపనివానికి పరిహాసము తప్పలేదు.

అఖండపాఠము సంగతియు అంతియే. 1430 పుటలను ఎడతెగక చదివినచో సుమారు నలువదియెనిమిది గంటలు పట్టును. అనగా పుటకు రెండు నిమిషములు. ఇంట వినువా రొక్కరును లేక, చదువువారు గంటలవంతున మారుచు, పాఠము ‘పూర్తియైనది’ అనిపించుకొనుట వారిలో విజ్ఞులకు సమ్మతము కాదు. 1945లో ఆమోదింపబడిన సిక్కు రహత్ మర్యాద, వినువానికి అర్థము కానంత వేగముగా చదువుట గ్రంథమునకు అనాదరమేయని స్పష్టముగా చెప్పుచున్నది. జపుజీలో వినుటకు పెద్దపీట వేసిన కవిదృష్టియే ఇన్ని శతాబ్దముల తరువాత నియమావళిలోనికి దిగివచ్చినది.

ఇప్పుడు మన యింటివైపు చూతము. త్యాగరాజస్వామి ఇరువదియొక్క యేండ్లలో తొంబదియారు కోట్ల రామనామములు జపించెనని మన సంప్రదాయము. దినమునకు లక్షయిరువదియైదువేలు చొప్పున 7,680 దినములకు సరిగా తొంబదియారు కోట్లగును. కూడికలో దోషము లేదు. కాని దినమునకు 86,400 సెకండ్లే! రేయింబవళ్లు నిద్రాహారములు లేక జపించినను సెకండునకు ఒకటికి మించి నామములు పలుకవలసియుండును. ఇందుచే స్వామి భక్తికి కొఱత యేమియు లేదు. ఆ సంఖ్య గుమాస్తా తనిఖీకి పుట్టినది కాదు, భక్తుల ఆశ్చర్యమునకు పుట్టినది. దానిని ఖాతాలో వ్రాసి సరిచూచుట ఎట్టి పొరపాటో, దానితో పోటీపడుటయు అట్టిదే. రామకోటికైనను దినమునకు వేయి వ్రాసిన పదివేల దినములు, ఇరువదియేడేండ్లకు పైబడి, కావలెను. అంతకాలము ప్రతిదినము ఒక గంట ప్రశాంతముగా కూర్చుండుటయే అందలి ఫలమని మా నమ్మకము. కోటి యనునది ఆ ఫలమునకు చుట్టిన దారము.

మనకిందు మరియొక చిక్కు కలదు. తెలుగునాట వ్రాయువానికి ‘శ్రీరామ’ యనుట ఇంటి అక్షరము. మన పిల్లలు మరాఠీ, కన్నడ, తమిళ, ఒడియా బడులలో చదివినవారు. పెక్కుమంది తెలుగులిపి నెరుగరు. తాతగారి స్తోత్రములను ఇతరలిపిలో వ్రాసికొని నూటయెనిమిది పర్యాయములు తప్పక వల్లింతురు. అందొక్క మాటకు అర్థమడిగిన దిక్కులు చూతురు. వ్రేలికి తగిలించుకొను లెక్కయంత్రములును, సెల్‌ఫోనులోని జపమాలలును వచ్చినవి. సంఖ్య మునుపటికంటె శుద్ధముగా నున్నది. మాట మాత్రము జారిపోవుచున్నది. నామము ఏ లిపిలో వ్రాసినను నామమే. అందు మాకు సందేహము లేదు. కాని స్తోత్రము అర్థముగలది, కవి యొకడు మనసుపెట్టి కూర్చినది. దానిని సంఖ్యగా మాత్రమే అప్పగించినచో తరువాతి తరము సంఖ్యను కూడ విడిచిపెట్టును. అర్థము తెలియని బరువును ఎవరు ఎంతకాలము మోయుదురు?

దక్కనులో తరతరములుగా స్థిరపడిన సిక్కులనుండి మనము నేర్వదగినది ఇచ్చటనే యున్నది. ఇంట పలుకు భాష మారినను జపుజీని గురుముఖి లిపినుండి చదువుట మానని కుటుంబములు వారిలో కలవు. పిల్లవాడు మొదట అక్షరము నేర్చును, పిదప పాఠము చదువును, ఆ పిదపనే మాల పట్టిన పట్టును, లేకున్న లేదు. మనలో వరుస తలక్రిందులైనది. మాల ముందు వచ్చి అక్షరము వెనుకబడినది.

కావున మా నిర్ణయమిది. సిక్కుమతము లెక్కను నిషేధించినదనుటయు, సిక్కుల జపము మన లెక్కజపమేయనుటయు రెండును సగము సగము మాటలు. జపుజీ సంఖ్యను ఉపయోగించుకొనును, కాని దానికి తాళముచెవి నప్పగింపదు. మన సంఘ సభ్యులు రామకోటిని మానవలసిన పని లేదు. వేయి నామములు వ్రాసిన దినమున ఒక్క పద్యమునకు అర్థము పిల్లలకు తెలుగున చెప్పుడు. ఆదివారము ఒక గంట వారిచేత తెలుగక్షరములు దిద్దింపుడు. పూజగదిలో లెక్క ముగిసిన తరువాత అయిదు నిమిషములు ఊరక కూర్చుండి, పలికిన మాటను చెవి పెట్టి వినుడు. ఈ మూడింటికి ఖాతా పుస్తకము అవసరము లేదు.