శతకంలోని ‘నేను’ – ఆటలోని ‘నేను’: మరపు, మాట

నరసింహ శతకంలోని ఒక ప్రసిద్ధ పద్యంలో ధర్మపురి శేషప్ప కవి రాబోయే మరపును తలచి భయపడతాడు. అంత్యకాలంలో దేహం వశం తప్పితే స్వామి నామం నోట వస్తుందో రాదోనని, స్పృహ ఉన్నప్పుడే భజన చేస్తున్నానంటాడు. ఆ పద్యం చదివే ప్రతి పాఠకుడూ అందులోని ‘నేను’ను కొంతసేపు ధరిస్తాడు.

ఆ భయం నిజమైన చోట మొదలయ్యే కంప్యూటర్ ఆట ‘డిస్కో ఎలీసియం’ (2019). 1999 నాటి ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’లో వలెనే ఇందులోనూ నాయకుడు తన్ను తాను మరచినవాడు. తాగిన మత్తులో పేరు సైతం మరచిన డిటెక్టివ్ హోటల్ గదిలో మేల్కొంటాడు. ఇక్కడ విడిగా యుద్ధాలు లేవు, సంభాషణే ఆట. అతనిలోని 24 సామర్థ్యాలు గొంతులై అతనితో వాదిస్తాయి. ఆటగాడు ఎంచుకొన్న మాటలతో ఆ వ్యక్తి మళ్లీ రూపొందుతాడు.

ఎంపిక ఉన్నంత మాత్రాన ఆటగాడు రచయిత కాడు. అతడు ఎంచుకొనే ప్రతి సమాధానమూ రచయితలు ముందే రాసి ఉంచినది. పాచిక తప్పినా వారి వాక్యమే ఎదురవుతుంది. ఈ అర్థంలో అతడు శతకపాఠకునికి దగ్గరివాడు. భేదమంతా ఆశ్రయంలో ఉంది. శేషప్ప ఎంత మొరపెట్టినా, ఎంత నిష్ఠూరమాడినా సీసం చివరి మకుటం అతనిని ధర్మపురి స్వామి సన్నిధికే చేరుస్తుంది. డిటెక్టివ్‌కు అటువంటి మకుటం లేదు. అన్న మాటను విన్నవారు గుర్తుంచుకొంటారు. శతకంలో వాక్కు శరణాగతి, ఆటలో అది బాధ్యత. ఇటువంటి ఆటను కేవలం కాలక్షేపంగా పరిగణించే విమర్శకు ఈ భేదం అందదు.