సున్నం గోడకు సున్నమే మందు

అద్దంకిలో మా తాతల నాటి ఇంటి వెనుక గోడ పెచ్చులూడుతుంటే మూడేళ్ళ కిందట సిమెంటు పూయించాను. రెండు వానాకాలాలు గడిచాయో లేదో గోడ బొబ్బలెక్కింది. చెక్కి చూస్తే లోపలి సున్నం పిండిపిండిగా రాలింది. ఆ పిండిని వేళ్ళ మధ్య నలిపిన ముసలి మేస్త్రీ, "సున్నం గోడకి సున్నమే మందు బాబూ. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ ఎటు పోవాల?" అన్నాడు.

ఆ మాట మళ్ళీ ఫిరంగిపురంలో పాత చర్చి చూస్తుంటే గుర్తొచ్చింది. నరసరావుపేట దాటి గుంటూరు దారి పడితే కొండవీటి కొండల చెంత వస్తుందా ఊరు. ఫిరంగిపురం బాలయేసు దేవాలయాన్ని 1890 ప్రాంతంలో కట్టించింది మిల్‌హిల్ సభ గురువు థియొడోర్ డీక్‌మన్. గుంటూరు కతోలిక మేత్రాసన పీఠం ఏర్పడింది 1940లో. అంటే పీఠం కన్నా గుడే వయసులో పెద్దది. అవును, గుడే. మన కతోలికులకు చర్చి గుడి, అక్కడ జరిగేది పూజ.

ఆ గుడి కట్టేనాటికి సిమెంటు మన ఊళ్ళ ముఖం చూడలేదు. పోర్‌బందర్ సిమెంటు ఫ్యాక్టరీ మొదలైందే 1914లో. కోటకైనా కోవెలకైనా గానుగ సున్నమే దిక్కు. కాల్చిన సున్నపురాయిని నీళ్ళతో చల్లార్చి, ఇసుక కలిపి గుండ్రటి గాడిలో పోస్తే, ఎద్దులు రాతిచక్రాన్ని తిప్పి వెన్నలా నూరేవి. కొందరు కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళూ కలిపేవారు. సిమెంటు నీళ్ళు తాగి గట్టిపడుతుంది. ఈ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ, ఏళ్ళ తరబడి నిదానంగా మళ్ళీ రాయవుతుంది. పునాది కొంచెం కుంగినా సర్దుకుంటుంది. సన్నని పగుళ్ళలోకి తడి దిగితే కరిగిన సున్నమే వాటిని పూడుస్తుంది. చెమ్మను లోపల దాచుకోదు.

మా గోడకు పూసిన సిమెంటంతా చెక్కించేశాను. అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీదే పిడుగురాళ్ళ ఉంది, సున్నపు బట్టీలకు పేరుమోసిన ఊరు. సున్నానికి కరువు లేదు. దాన్ని నూరి, పూసి, మెత్తేవాడి కోసమే తిరుగుతున్నాను.

చర్చి విచారణ పెద్దలకూ, ఆలయ ధర్మకర్తలకూ, పాత ఇళ్ళవాళ్ళకూ ఒకటే మనవి. మరమ్మతుకు ముందు ఇటుకల సందును గోరుతో గీకి చూడండి. సున్నం రాలితే సిమెంటు బస్తా విప్పకండి.