మోచేతి లోతు

చెన్నై కోడంబాక్కానికి పక్కనే, నుంగంబాక్కం నుంచి మాంబళం మీదుగా సైదాపేట వైపు ఒకప్పుడు పొడవాటి చెరువు ఉండేది. 1920లలో దాన్ని ఎండగట్టి కట్టిన పేటే నేటి త్యాగరాయనగర్. తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు దానికి పెట్టారు. నుంగంబాక్కంలో ‘లేక్ ఏరియా’ అన్న పేరు ఇంకా ఉంది, నీళ్లు లేవు. చెరువు పోయినచోట చెరువును కనిపెట్టుకునే పనితనమూ పోతుంది. అందుకే మైలాపూరు కపాలీశ్వరుడి కోనేట్లో చేపలు చచ్చి తేలినప్పుడు ఎవరో విషం కలిపారన్న అనుమానమే ముందు వస్తుంది.

సినిమా పనుల కోసం కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి కోడంబాక్కంలో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. వాళ్లు వదిలివచ్చిన ఊళ్ల చుట్టూ, కొల్లేటి అంచున కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు, ఆ పనితనం ఇంకా బతికి ఉంది. అక్కడి చేపల చెరువుల మకాంలలో రాత్రిళ్లు మేలుకొనే మనుషుల నేర్పు నాకు గొప్పగా అనిపిస్తుంది. దానికి రావలసినంత పేరు రాలేదు.

చేప ఎంత సన్నని అంచున బతుకుతుందో ముందు తెలియాలి. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు మంచినీటిలో కరిగి ఉండగలిగేది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే. శీలావతి, బొచ్చె హాయిగా పెరగాలంటే నాలుగైదైనా ఉండాలి. ఒకటి, రెండుకు పడితే ప్రాణం మీదికి వస్తుంది. పగలు ఎండలో నీటిలోని పచ్చని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచూ, చేపలూ, అడుగు బురదలోని సూక్ష్మజీవులూ అన్నీ వాడుకునేవే. రాత్రి పొడుగునా తరిగి తరిగి ఆక్సిజన్ తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. రెండు రోజులు వరసగా మబ్బు పట్టినా, నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్లడం మొదలైనా ఆ రాత్రి గడవడం కష్టం.

కాపలా మనిషి పనంతా ఆ వేళకే. టార్చి పట్టుకుని గట్టు వెంట నడుస్తాడు. నీటి అంచుకు చిన్న రొయ్యలు, నత్తలు ఎక్కి వచ్చాయా చూస్తాడు. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే చప్పట్లు కొడతాడు. చప్పుడుకు బెదిరి లోపలికి మునిగితే ఇంకా సమయం ఉన్నట్టు. కదలకుండా అలాగే నోళ్లు తెరుస్తూ ఉంటే ఏరియేటర్లు తిప్పాలి, మోటారు నీటిని ఎత్తు నుంచి చిందేలా వదలాలి, ఆక్సిజన్ బిళ్లలు చల్లాలి, పొద్దుటి మేత ఆపాలి. ఇంత నిర్ణయం ఒక చప్పట్ల చప్పుడు మీద జరుగుతుంది. ఆక్సిజన్ కొలిచే ఏ మీటరూ లేని రోజుల్లో కుదిరిన పరీక్ష, మీటరు చెడిపోయిన రాత్రి ఇప్పటికీ అక్కరకొచ్చే పరీక్ష.

పగటి పరీక్ష ఇంకోటి. మోచేతి దాకా చేయి నీటిలో ముంచి అరచేతిని చూస్తారు. మోచేయి మునగకముందే అరచేయి కనబడకుండా పోతే నాచు మరీ చిక్కబడ్డట్టు, రాత్రికి ప్రమాదం. మోచేయి మునిగాక కూడా వేళ్లు స్పష్టంగా కనిపిస్తుంటే నీటిలో సత్తువ లేదు. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త మధ్యధరా సముద్రంలో తెల్లని బిళ్లను దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో కొలిచాడు. నీటి స్వచ్ఛత కొలవడానికి శాస్త్రజ్ఞులు నేటికీ ఆ బిళ్లనే వాడుతున్నారు. చెరువు దగ్గర చేయే ఆ బిళ్ల.

ఇవన్నీ ఒక ఎత్తు, మేత సంచులు ఒక ఎత్తు. కొల్లేటి ప్రాంతపు రైతులు తమంతట తాము కనిపెట్టిన పద్ధతి ఇది. నూనె తీసిన తవుడు, చెక్క కలిపి ప్లాస్టిక్ సంచుల్లో నింపుతారు. సంచి అడుగున వరసగా చిన్న రంధ్రాలు పెడతారు. చెరువులో పాతిన వెదురు కర్రలకు వాటిని నీటిలో మునిగేలా కడతారు. చేపలు వచ్చి రంధ్రాల దగ్గర మూతి పెట్టి పీల్చుకుంటాయి. మేత ఊరికే చల్లితే కొంత అడుగుకు చేరి కుళ్లుతుంది, కుళ్లే ప్రతిదీ ఆక్సిజన్ తింటుంది. సంచిలో ఉన్నది సంచిలోనే ఉంటుంది. రంధ్రం మరీ పెద్దదైతే తవుడు జారిపోతుంది, మరీ చిన్నదైతే చేపకు అందదు.

నన్ను మరింత ఆకట్టుకున్నది దాని రెండో ఉపయోగం. కొన్ని గంటల తర్వాత పడవలో వెళ్లి సంచి ఎత్తి బరువు చూస్తారు. రోజూ ఖాళీ అయ్యే సంచి ఈరోజు బరువుగా ఉందంటే చేపకు ఏదో అయింది. కంటికి ఏ లక్షణమూ కనిపించకముందే సంచి చెబుతుంది. మేత పెట్టే సాధనాన్నే రోగం పసిగట్టే సాధనంగా మలచిన ఆ ఆలోచనకు మనసారా నమస్కరించాలి. గుడి కోనేటి చేపలకు మరమరాలు గుప్పించే మనం దీన్నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఇంత చేసినా ఒక్కోసారి చేపలు చస్తాయి. అప్పుడు గట్టు మీద పశువులున్నవాళ్లకు కావలసింది ఒక్కటే: ఈ నీళ్లు గేదె తాగవచ్చా? పాలిచ్చే గేదె ఎండాకాలంలో రోజుకు 50 లీటర్లకు పైగానే తాగుతుంది, పైగా గంటల తరబడి నీళ్లలో పడుకుంటుంది. జవాబు కోసం చచ్చిన చేపలను చదవాలి. తెల్లవారేసరికి పెద్ద చేపలు ముందు చచ్చి, చిన్నవి ఇంకా కొట్టుకుంటుంటే చాలావరకు అది ఊపిరాడని చావు. చిన్న చేపలు ముందు పోయి, కప్పలూ నీటిపురుగులూ కూడా చచ్చి పడి ఉంటే, వేళతో సంబంధం లేకుండా జరిగితే, పొలం మందుల మీద అనుమానం రావాలి. అప్పుడు పశువును ఆ దరికి కూడా రానివ్వకూడదు. నీటిని పరీక్షకు పంపాలి.

చేపలు ఊపిరాడక చచ్చిన చెరువులో నీరు దానంతటదే విషం కాదు. కానీ కళేబరాలు అందులోనే ఉంటే బొట్యులిజం అనే జబ్బు కలిగించే క్రిములకు అవే పుట్టిల్లు. అందుకే ఆలస్యం చేయకుండా ఏరి, చెరువుకు దూరంగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడుస్తారు. చెరువులో చేప పేనుకు మందు కొట్టినప్పుడు కూడా పశువులను దూరంగా కట్టేయడం మంచి యజమాని లక్షణం.

అన్నిటికన్నా భయపడవలసింది నీలి ఆకుపచ్చ నాచుకు. 1878లో ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రీనా సరస్సు దగ్గర గొర్రెలు, పశువులు, గుర్రాలు చచ్చిపోతుంటే జార్జ్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకుడు నీటి మీది ఆ నాచు తెట్టును గొర్రెకు తాగించి చూసి, విషం అందులోనే ఉందని ‘నేచర్’ పత్రికకు రాశాడు. కాలేయాన్ని పాడుచేసే రకాలు కొన్ని, నరాలను పట్టి నిమిషాల్లో చంపేవి కొన్ని. నీళ్లు కాచినా ఆ విషం పోదు. గాలి తెట్టును ఒక ఒడ్డుకు నెడుతుంది. పశువు తాగడానికి దిగే రేవు అదే అయితే చెరువు మొత్తానికి ఉన్న విషం ఆ మూలన పోగైనట్టే.

దీనికీ చేతి పరీక్షలున్నాయి. కర్రతో తెట్టును ఎత్తాలి. దారాలుగా వేలాడితే మామూలు పాచి. కర్రకు రంగు పూసినట్టు అంటుకుంటే అనుమానించాలి. గాజు సీసాలో ఆ నీళ్లు పోసి కదపకుండా ఉంచితే, నీలి ఆకుపచ్చ నాచు అయినప్పుడు పచ్చదనం అడుగుకు దిగకుండా పైకే తేలుతుంది. తొడుగు లేకుండా ఈ నీటిలో చేయి పెట్టకూడదు, మోచేతి కొలత ఇక్కడ పనికిరాదు. తెట్టు కనిపించగానే మైలుతుత్తం చల్లడం కూడా పొరపాటు. కణాలు పగిలి లోపలి విషం నీటిలోకి వస్తుంది. పైగా అందులోని రాగి గొర్రెలకు పడదు. తెట్టు మాయమైన తర్వాత కూడా కొన్నాళ్లపాటు పశువులకు బోరు నీళ్లే పెట్టాలి. గాలి తిరిగిన ప్రతిరోజూ గాలివాటున ఉన్న ఒడ్డుకు మళ్లీ వెళ్లి చూడాలి.