శోకగీతములు - వాని ఉత్తేజకగుణము

దుఃఖమును పాడు పాట వినువానిని మఱింత దుఃఖమున ముంచునని సామాన్యముగా తలచుచుందురు. పండుగపూట విషాదగీతము వలదనుటయు, పిల్లలకు నవ్వించు పాటలే నేర్పవలెననుటయు ఈ తలంపునుండి పుట్టినవే. కాని శోకగీతములు పాడుకొను జనము ఆ పాటలవలన క్రుంగి పనులు మానుకొన్న జాడ కానరాదు. మిక్కిలి కష్టపడినవారే మిక్కిలిగా పాడిరి. రాత్రి పాడి, తెల్లవాఱుసరికి పొలమునకు పోయిరి. ఈ వైరుధ్యమునకు కారణమేమి? శోకగీతమున మనుష్యుని నిలబెట్టు గుణమేదైన కలదా? కలదేని అది పాటలోని ఏ యంశమున నున్నది? దీనిని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విచారణకు దేవసూగూరు తగిన చోటు. కృష్ణయొడ్డున రాయచూరు జిల్లాలోనున్న ఈ గ్రామము 1956 నవంబరు 1 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిది; ఆ దినమున మైసూరు రాష్ట్రమున చేరినది. నిజాము కాలపు వంతెన దాటినచో ఆవలి యొడ్డు నేటి తెలంగాణములోని నారాయణపేట జిల్లా. ప్రక్కనే యున్న శక్తినగరమున 1985లో విద్యుత్కేంద్రము పని మొదలిడెను. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, బడిలో రెండును వినుచు పెరుగు పిల్లలు ఇచ్చట కలరు. వారి చేతిలోని ఫోనున అమెరికాదేశపు నీగ్రోజాతివారి 'బ్లూస్' పాటలు సయితము వినవచ్చుచున్నవి. వంతెన కావలనున్న దామరగిద్ద గ్రామపు బుఱ్ఱవీణ మాత్రము వారిలో ఎందఱికి తెలియును? దూరపు పాటను, చేరువ పాటను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో రెండింటి గుణమును తెలియగలదు.

శోకమునకును కవితకును గల సంబంధము మనవారికి క్రొత్తది కాదు. క్రౌంచపక్షి చావును చూచిన వాల్మీకి శోకమే శ్లోకమైనదని రామాయణకథ చెప్పుచున్నది. భవభూతి ఉత్తరరామచరితమున కరుణమొక్కటే రసమనియు, తక్కినవి దాని రూపభేదములనియు ఒక పాత్రచే పలికించెను. ఆ వాల్మీకి కథలో గమనింపదగిన విశేషమొకటి కలదు. మునినోట వెడలిన మాట ఏడ్పు కాదు, శాపము మాత్రమును కాదు; అది పాదబద్ధమై లయతో కూడి వెలువడినదని ఆ మునియే ఆశ్చర్యపడెను. ఏడ్పునకు తాళము లేదు. తాళమునకు లోబడిన శోకము తన్ను తాను పట్టుకొనిన శోకము. శోకగీతమునందలి ఉత్తేజమునకు మొదటి మూలమిదియే.

అమెరికాదేశమున బానిసత్వము 1865లో శాసనరీత్యా రద్దయ్యెను. అయినను మిసిసిపీ ప్రాంతపు ప్రత్తిచేలలో నల్లజాతివారి బ్రదుకు అప్పులతోడను, అవమానములతోడను నిండియుండెను. బ్లూస్ ఆ చేలలోను, ఆ రైలుదారులలోను పెరిగిన పాట. డబ్ల్యు. సి. హాండీ యను సంగీతకర్త 1941లో వెలువడిన తన ఆత్మకథలో, ఇంచుమించు 1903 ప్రాంతమున టట్‌విలర్ రైలునిలయమున తాను వినిన పాటనుగూర్చి వ్రాసెను. చినిగిన బట్టలు కట్టిన మనుష్యుడొకడు గిటారు తంతులపై కత్తిని ఒత్తి వాయించుచు, ఒకే చరణమును మూడుమారులు పాడెనట. రెండు రైలుదారులు కలియు చోటికి తాను పోవుటయే ఆ పాటలోని విషయము.

పిమ్మట స్థిరపడిన బ్లూస్ రూపమున పండ్రెండు ఆవర్తములుండును. మొదటి పాదము బాధను చెప్పును. రెండవది దానినే మరల చెప్పును. మూడవది దానికి బదులు పలుకును. పాదమునకు నాలుగేసి ఆవర్తములు. గాయకుడు ఇంచుమించు రెండింట పాడి ఊరకుండగా, తక్కిన చోటును వాద్యము నింపును. బాధను రెండుమారులు చెప్పుట దానిని పెంచుటకు కాదు. దాని కొలత తెలిసికొనుటకు. మూడవ పాదమున తఱచుగా ఒక చతురోక్తియో, ఊరు విడిచి పోదునను నిశ్చయమో వచ్చును. ఆల్బర్ట్ మర్రే యను విమర్శకుడు 1976లో ప్రకటించిన తన గ్రంథమున, బ్లూస్ సంగీతము విచారమును పోషించునది కాదనియు, విచారమును కాలితో త్రొక్కి తఱుముటకే పుట్టినదనియు వాదించెను. ఆ పాటకు జనము నృత్యము చేయుటయే ఆయన చూపిన ముఖ్యసాక్ష్యము.

ఇట్టి నిర్మాణము మనవైపు పాటలందును కలదు. కిన్నెర మిక్కిలి ప్రాచీనమైన వాద్యము. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య కథను చెప్పెను. కన్నడశరణులలో ఆయనయే కిన్నరి బొమ్మయ్య. కావున ఈ వాద్యము రెండు భాషల యుమ్మడి సొమ్ము. నాగర్‌కర్నూలు జిల్లాలోని అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పండ్రెండు మెట్ల కిన్నెరను వాయించుచు పండుగ సాయన్న కథను పాడి పేరొందెను. బ్లూస్‌నందలి పండ్రెండు ఆవర్తములకును, ఈ పండ్రెండు మెట్లకును సంబంధము లేదు. అది కేవలము సంఖ్యాసామ్యము. అసలు సామ్యము వేఱుచోట నున్నది. గాయకుడు ఒక మాట అని నిలిచినప్పుడు కిన్నెర ఆ మాటను అందుకొని బదులు పలుకును. పేదలకొఱకు పెద్దలనెదిరించి ప్రాణము కోలుపోయిన సాయన్న కథ దుఃఖాంతమే. అయినను వినువారు తలవంచుకొని లేవరు. చచ్చినవాని పేరు పాటలో నిలిచినదను గర్వముతో లేచుదురు.

బదులు పలుకుటయే శోకగీతమునందలి ఉత్తేజమునకు రెండవ మూలము. ఒంటరి దుఃఖమునకు బదులు రాదు. పాటలో మాత్రము వాద్యమో, వంతగాడో, వినువారి 'ఊ'కారమో వెంటనే బదులిచ్చును. బుఱ్ఱకథలోని వంతలకును, బ్లూస్‌లోని గిటారునకును పని యిదియే.

2023లో వేణు యెల్దండి దర్శకత్వమున వచ్చిన 'బలగం' చలనచిత్రము ఈ విషయమునకు ప్రత్యక్షనిదర్శనము. ఇంటి పెద్ద చనిపోగా కాకి పిండమును ముట్టదు. విడిపోయిన బిడ్డలు ఒకరినొకరు నిందించుకొందురు. కడపట బుడిగజంగాల కళాకారులు చచ్చినవానిగూర్చి పాడగా ఆ కుటుంబము కలియును. ఆ పాటను పాడిన కొమురమ్మ, మొగిలయ్య దంపతులు వరంగల్లు జిల్లా దుగ్గొండివారు. ఈ మొగిలయ్యయు, కిన్నెర మొగిలయ్యయు వేర్వేరు. ఊరూర తెరలు కట్టి ఆ చిత్రమును చూపినప్పుడు జనము బిగ్గరగా ఏడ్చిరనియు, కొన్నిచోట్ల మాటలు మానిన అన్నదమ్ములు కలిసిరనియు పత్రికలు వ్రాసినవి. ఏడ్పించిన పాటయే ఇల్లు నిలిపినది. నవ్వించు పాటకు ఇంతటి శక్తి కలదని చెప్పజాలము.

దామరగిద్దవాడైన దాసరి కొండప్ప వంశమున మూడవతరపు బుఱ్ఱవీణ కళాకారుడు. వెదురుకఱ్ఱకు సొరకాయబుఱ్ఱను కట్టి, తీగెలు బిగించినదే ఆ వాద్యము. ఆయన పాడునది ముఖ్యముగా తత్త్వములు. తత్త్వమునకు చావు ప్రధానవస్తువు. అయినను దేహమును చిల్లులతిత్తి యని ఎగతాళి చేయుట తత్త్వకవులకు పరిపాటి. భయపడవలసినదానిని పరిహసించుట బ్లూస్‌నందలి మూడవ పాదము చేయు పనియే.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. దుఃఖమును పాడిన ప్రతిపాటయు ఉత్తేజకరమేనా? కాదు. తన బాధ లోకమునకెల్ల పెద్దదని చెప్పుకొనుచు, బదులు రానీయక, వినువారినుండి జాలిని మాత్రమే కోరు గీతములు కలవు. అవి వినిన పిదప మనసు బరువెక్కును. బదులునకు చోటిచ్చినదా, లేదా యనునదే పరీక్ష. ప్రసిద్ధి యీ పరీక్షకు పనికిరాదు.

కావుననే అప్రసిద్ధులైన గాయకులను వెదకి వినుట విమర్శకుని విధియగుచున్నది. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో కొన్ని పాటలు రికార్డుల కిచ్చెను. అవి అమ్ముడుపోలేదు; ఆయన సేద్యపుపనికి మరలిపోయెను. ఒక పాటలో తన ఊరు అవలాన్ అని చెప్పియుండెను. ఆ మాటనే పట్టుకొని టామ్ హాస్కిన్స్ యను యువకుడు 1963లో ఆ ఊరికి పోగా వృద్ధుడైన హర్ట్ అచ్చటనే యుండెను. ఆ సంవత్సరమే న్యూపోర్టు ఉత్సవమున వేలమంది ఆయన పాట వినిరి. 1966లో ఆయన మరణించెను. నడుమనున్న ముప్పదియైదేండ్లును పాట ఆయనతోనే యుండెను, వెదకువాడే లేకపోయెను.

మనవారి గతియు ఇట్టిదే. దర్శనం మొగిలయ్యకు 2022లోను, దాసరి కొండప్పకు 2024లోను పద్మశ్రీ లభించెను. బిరుదము పొందిన మొగిలయ్య కూలిపనికి పోవుచున్నాడని 2024లో పత్రికలు వ్రాసినవి. బలగము పాటగాడైన మొగిలయ్య ఆ సంవత్సరము డిసెంబరులో మరణించెను. వినువారిని నిలబెట్టిన పాట పాడినవానిని నిలబెట్టలేకపోయినది. ఇది పాటలోని లోపము కాదు. పాట అడిగిన బదులును వినువారు పూర్తిగా ఈయలేదు. కరతాళధ్వని బదులులో ఒక భాగము; పాటగానికి కూలి, పాటకు వారసుడు తక్కిన భాగములు.

సూగూరేశ్వరస్వామి సన్నిధిని, కృష్ణకు ఈవలనున్న తెలుగు బిడ్డలకు ఈ విషయము మఱింత అవసరము. భాష పాఠ్యపుస్తకములో బ్రదుకును; కాని అది నోటికి వచ్చుట పాటవలన. బడిపిల్లలను ఒక్కమారైనను వంతెన దాటించి దామరగిద్దకు తోడుకొనిపోయి, బుఱ్ఱవీణనెదుట కూర్చుండబెట్టినచో, తెలుగు తమ తాతలు విడిచిపోయిన భాష కాదనియు, బ్రదికియున్న మనుష్యుడు పాడుచున్న భాషయనియు వారికి తెలియును. వచ్చినపుడు ఒక తత్త్వమును నేర్చుకొని రావలెను. పాటగాడు చరణము ముగించి నిలిచినపుడు అందుకొనుటకు ఒక లేతగొంతు సిద్ధముగా నుండవలెను. శోకగీతము వినువారినుండి కోరునది అంతమాత్రమే.