మెట్ట నెక్కించు చేతులు

దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ వఱకు 2018 సెప్టెంబరులో మెట్రో రైలు నడువనారంభించిన రహదారికి ఇరుప్రక్కల సందులలో, విద్యుద్వాహనములకు బ్యాటరీలు కట్టు పనివారి నైపుణ్యము నాకు మిక్కిలి గౌరవపాత్రము. స్కేట్‌బోర్డుపై నిలిచి నిటారు మెట్ట నెక్కగోరు యువకుడైనను, బరువుతో ఫ్లైఓవరు నెక్కు స్కూటరువాడైనను, తుదకు ఆశ్రయింపవలసినది ఆ చేతులనే.

ఎక్కుట సామాన్యము కాదు. మనిషితో కూడ 90 కిలోలు తూగు స్కేట్‌బోర్డు, పదడుగులకు ఒక అడుగు లేచు వాలుపై గంటకు 18 కిలోమీటర్ల వేగమున సాగవలెనన్న, గురుత్వాకర్షణను జయించుటకే సుమారు 440 వాట్లు కావలెను. ఆ శక్తికై బ్యాటరీనుండి కరెంటు అధికముగ లాగవలెను; కరెంటు రెట్టింపైనచో తీగలలో పుట్టు వేడి నాలుగింతలగును.

కావున పనివాడు ప్రతి సెల్లునకు మీటరు పెట్టి చూచి, సరిజోడైన వానినే ఏర్చి, ధనధ్రువము చుట్టును ఇన్సులేషన్ కాగితపు వలయ మంటించి, నికెల్ పట్టీ పఱచి, స్పాట్ వెల్డింగు యంత్రపు రాగి మొనలు రెండింటిని దానిపై అదిమిపట్టును. చిటుక్కున నిప్పురవ్వ లేచును. ముందుగా ఒక పాత సెల్లుపై అతికిన పట్టీని పట్టకారుతో లాగి చూచుట కలదు: పట్టీ చినిగియు అతుకు సెల్లును విడువకున్నచో అది మేలైన అతుకు. ఎంతటి ఓర్పు! నీలి ప్లాస్టిక్ తొడుగు పడినంతనే ఈ శ్రమయంతయు కనుమఱుగగును.

ఏ సెల్లును 4.2 వోల్టులు మించి నిండకుండ కాచు బి.ఎం.ఎస్. (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) తీగలను వరుస తప్పక కలిపిన పిదపనే అతడు బ్యాటరీని చేతి కిచ్చును. చవుకకు పాత సెల్లులు కలిపి కట్టుమన్నవానిని ఒట్టిచేతులతో పంపు పనివానియందు నాకు మఱింత గౌరవము.