ఒక్క సెంటీమీటరు పనితనం

డీజిల్ కారు టర్బో పక్కన చిన్న రేకు డబ్బా ఒకటి ఉంటుంది. దాని పేరు యాక్చువేటర్. అందులోంచి బయటికి వచ్చే రాడ్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచే దూరం సుమారు ఒక సెంటీమీటరు, అంతే. ఆ నడక ఎక్కడైనా పట్టేసిందంటే ఫ్లైఓవర్ ఎక్కుతుండగానే బండి నీరసపడిపోతుంది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది, వెనక నల్లటి పొగ వస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పికప్ ఉండదు. ఫరీదాబాద్‌లో ఎన్‌ఐటీ అని పిలిచే ప్రాంతంలో, మెయిన్ రోడ్డుకు రెండు సందులు లోపల, రెండు కార్లు పట్టే షెడ్డులో పనిచేసే ఒక మెకానిక్ ఈ జబ్బుకు వైద్యం చేస్తుంటే దగ్గర నిలబడి చూశాను. ఆ సందులో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆ పిలుపుకు ఆయన అన్ని విధాలా తగినవాడు.

ముందు టర్బో సంగతి కొంచెం చెప్పాలి. ఇంజను వదిలే పొగ తోపుకు ఒక చక్రం తిరుగుతుంది. అదే షాఫ్టుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి చిన్న కార్ల టర్బోల్లో ఆ షాఫ్టు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. అయితే ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు పొగ చాలదు, జోరందుకున్నాక మరీ ఎక్కువవుతుంది. అందుకే చాలా డీజిల్ కార్లలో పొగ చక్రం చుట్టూ కదిలే రెక్కలు పెట్టారు. పైపు మూతిని బొటనవేలితో సగం మూస్తే నీళ్ళు దూరంగా చిమ్ముతాయి కదా, రెక్కలు దగ్గరికి మూసుకున్నప్పుడు పొగ కూడా అలాగే విసురుగా చక్రం మీద పడుతుంది. ఇంజను వేగం పెరిగేకొద్దీ రెక్కలు తెరుచుకోవాలి. రెక్కలన్నిటినీ లోపల ఒక రింగు కలిపి ఉంచుతుంది, ఆ రింగును బయట ఉన్న చిన్న లివర్ తిప్పుతుంది, లివర్‌ను మన రాడ్ లాగుతుంది. డబ్బాలో ఉండేది ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు. వాక్యూమ్ పంపు గాలి పీల్చేస్తే పొర లోపలికి పోయి రాడ్‌ను లాగుతుంది, పీల్చడం ఆగితే స్ప్రింగు దాన్ని వెనక్కి తోస్తుంది. ఎప్పుడు ఎంత పీల్చాలో ఇంజను కంప్యూటర్ నిర్ణయిస్తుంది.

మన రోడ్ల మీద లక్షల కార్లను నడిపించిన 1.3 మల్టీజెట్ ఇంజనునే తీసుకుంటే, 75 హార్స్‌పవర్ రకంలో ఈ కదిలే రెక్కలు లేవు, 90 హార్స్‌పవర్ రకంలో ఉన్నాయి. ఉస్తాద్ షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా రెండో రకం.

ఆయనకు ఈ ఊళ్ళో ఈ పని ఎందుకు తగ్గదో ఇక్కడి రోడ్డు చూస్తే తెలుస్తుంది. బదర్‌పూర్ బార్డర్ నుంచి బల్లభ్‌గఢ్ దాకా మథురా రోడ్డు మీద పొద్దునా సాయంత్రం బండ్లు పాకుతూనే ఉంటాయి. ఒకటో గేరు, రెండో గేరు, మళ్ళీ బ్రేకు. ఇంజను ఎప్పుడూ తక్కువ వేగంలోనే ఉంటుంది కాబట్టి రెక్కలు మూసుకునే ఉంటాయి, పూర్తిగా తెరుచుకునే సందర్భమే రాదు. రోజూ ఒకేచోట నిలిచిపోయిన రెక్కల చుట్టూ మసి పేరుకుని, వేడికి కాలి గట్టిపడుతుంది. బయటి వైపు బాధ వేరు. ఆరావళి వైపు నుంచి వచ్చే సన్నటి రాతి దుమ్ము లివర్ కీలులో చేరుతుంది. వానాకాలంలో అండర్‌పాస్‌లలో నిలిచిన నీళ్ళు చిమ్మి, ఆ కీలుకు తుప్పు పడుతుంది. లోపల మసి, బయట తుప్పు. బయటికి కనిపించే లక్షణం రెండింటికీ ఒకటే కావచ్చు, వైద్యం మాత్రం వేరు. ఉస్తాద్ పనితనమంతా ఈ తేడా పట్టుకోవడంలోనే ఉంది.

ఆయన మొదట స్పానర్ ముట్టుకోడు. బానెట్ ఎత్తి, టార్చి లైటు రాడ్ మీదికి వేసి, శిష్యుణ్ణి ఇంజను స్టార్ట్ చేయమంటాడు. స్టార్ట్ అవగానే రాడ్ లోపలికి పోవాలి, ఆపేయగానే తిరిగి రావాలి. ఆ రోజు చూసిన బండిలో రాడ్ లోపలికి పోయింది గానీ, తిరిగి వచ్చేటప్పుడు సగంలో ఒక క్షణం ఆగి, చిన్న కుదుపుతో మిగతా దారి దిగింది. నాకైతే అది కనిపించనే లేదు. "ఫిర్ సే" అన్నాడు. రెండోసారి ఆ తడబాటు నాకూ కనిపించింది. రెక్కలు తెరుచుకోవడంలో ఆలస్యమైతే గాలి ఒత్తిడి హద్దు దాటుతుంది, కంప్యూటర్ భయపడి ఇంజను బలాన్ని కోసేస్తుంది. ఆ కారు యజమాని చెప్పుకున్న బాధ కూడా అదే. హైవే మీద ఓవర్‌టేక్ చేస్తుండగా బండి చచ్చిపోతుంది, ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే బాగుంటుంది.

తర్వాత చేతి వాక్యూమ్ పంపు తీశాడు. డబ్బా నుంచి సన్నటి గొట్టం ఊడదీసి పంపు తగిలించి, మెల్లగా పిడి నొక్కుతూ గేజ్ ముల్లు చూస్తాడు. ముల్లు ఎంత దగ్గర ఉన్నప్పుడు రాడ్ కదలడం మొదలైందో, ఎంత దగ్గర చివరికి చేరిందో చూసి, నొక్కడం ఆపి అలాగే ఉంచుతాడు. ముల్లు మెల్లగా జారితే రబ్బరు పొర చిరిగిందన్నమాట. అప్పుడు ఏ నూనె పోసినా వృథాయే. ఈ బండిలో ముల్లు జారలేదు. పొర బాగుంది. వేడికి బీటలిచ్చే రబ్బరు గొట్టాలను కూడా ఒక్కొక్కటే వంచి చూశాకే ముందుకు వెళ్ళాడు.

నేను ముగ్ధుడినైన ఘట్టం తర్వాతిది. రాడ్ కొస లివర్ పిన్నుకు తగిలే చోట గోరంత క్లిప్పు ఉంటుంది. చెయ్యి సరిగ్గా దూరని చోటు అది, పైన హీట్ షీల్డ్, పక్కన పైపు. క్లిప్పు జారిందంటే ఇంజను సందుల్లో పడి దొరకదు. ఆయన ముందుగా దాని చుట్టూ గుడ్డ కుక్కి, ఎడమచేతి వేలు క్లిప్పు మీద ఆనించి పట్టుకుని, సన్నటి స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క మెలిక తిప్పాడు. క్లిప్పు ఆయన వేలికే అంటుకుని వచ్చింది. ఇప్పుడు రాడ్ వేరు, లివర్ వేరు. రాడ్ ఒక్కదాన్నే పంపుతో నడిపించాడు, నున్నగా నడిచింది. లివర్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాడు. కళ్ళు దాని మీద పెట్టలేదు, ఎటో చూస్తూ తిప్పాడు. ఒకచోట ఆగి, నా చెయ్యి తీసుకుని లివర్ మీద పెట్టాడు. మధ్యలో ఇసుక గరగర లాంటిది తగిలింది. అది దాటాక లివర్ హాయిగా చివరిదాకా పోయింది. రెక్కల దగ్గర మసి గట్టిపడి ఉంటే ఆ చివరికి లివర్ చేరదు, ముందే గట్టిగా ఆగిపోతుంది. గరగర మాత్రమే ఉందంటే జబ్బు బయటి కీలులో ఉంది. స్కానర్ తప్పు కోడ్ చూపిస్తుంది, కోరిన ఒత్తిడికీ వచ్చిన ఒత్తిడికీ మధ్య తేడా కూడా చూపిస్తుంది. కానీ తప్పు రబ్బరులో ఉందా, కీలులో ఉందా, రెక్కల్లో ఉందా అన్నది వేళ్ళే చెప్పాలి.

ఇక నూనె. ఇంజను పూర్తిగా చల్లారాకే ఆయన నూనె డబ్బా తీస్తాడు. డీజిల్ టర్బో పొగ వైపు ఏడెనిమిది వందల డిగ్రీల వేడి ఎక్కగలదు, వేడి మీద నూనె చల్లితే అంటుకోవచ్చు. మొదట ఇత్తడి బ్రష్షుతో కీలు చుట్టూ ఉన్న దుమ్మును పొడిగానే దులిపాడు. దుమ్ము మీద నూనె పోస్తే అది బురదై లోపలికి దిగుతుందని ఆయన లెక్క. తర్వాత స్ప్రే డబ్బాకు సన్నటి గొట్టం తగిలించి, లివర్ షాఫ్టు లోపలికి దూరే బుష్ అంచున రెండు చుక్కలు వేసి వదిలేశాడు. ఈలోగా ఇంకో బండి బ్రేకు ప్యాడ్లు మార్చాడు. తిరిగి వచ్చి లివర్‌ను అటూ ఇటూ ఆడించి, కారిన ఎర్రటి తుప్పు నీళ్ళను గుడ్డతో తుడిచి, మళ్ళీ రెండు చుక్కలు వేశాడు. గుడ్డ మీద ఎరుపు పడటం ఆగేదాకా ఇదే. లివర్‌ను ఎక్కడా బలవంతపెట్టలేదు. పట్టకారు పెట్టి లాగితే లోపల రింగు పిన్ను వంగుతుంది. అప్పుడిక టర్బోయే మార్చాలి.

చివరికి రాగి పొడి కలిసిన యాంటీసీజ్ పేస్ట్ తీసుకుని, అగ్గిపుల్ల కొసకు అంటేంత మాత్రమే పిన్ను మీద రాశాడు. మామూలు గ్రీజు వేస్తే ఆ వేడికి కాలి బొగ్గవుతుంది, కొన్నాళ్ళకు మునుపటి కంటే గట్టిగా పట్టేస్తుంది. పల్చటి స్ప్రే నూనె తుప్పును విడదీస్తుందే గానీ అక్కడ నిలవదు. విప్పడానికి ఒకటి, నిలపడానికి ఇంకొకటి. రెండు పనులూ ఒకే డబ్బాతో కానిచ్చేసి పంపేవాళ్ళ దగ్గరికి అదే బండి మళ్ళీ మళ్ళీ రావడం ఇందుకే.

ఆయన ముట్టుకోనిదాన్ని కూడా చెప్పాలి. లివర్ ఆగే చోట ఒక స్టాప్ స్క్రూ, రాడ్ మరల మీద ఒక లాక్ నట్టు ఉంటాయి. ఫ్యాక్టరీలో టర్బోలోంచి పోయే గాలిని కొలిచి బిగించినవి అవి. పికప్ పెంచుతామని వాటిని తిప్పేవాళ్ళు ఉన్నారు. ఆ మార్పుకు ఇంజను ఏదో ఒకనాడు మూల్యం చెల్లిస్తుంది. ఉస్తాద్ వాటి మీది రంగు గుర్తు చెదరలేదని టార్చి వేసి చూసుకుని వదిలేశాడు.

ఈ ఊరికి ఇలాంటి చేతులు ఎక్కడివంటే దేశ విభజన దాకా పోవాలి. వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన శరణార్థుల కోసం 1949లో ఇక్కడ కొత్త పట్టణం కట్టడం మొదలైంది. ఎన్‌ఐటీ అంటే న్యూ ఇండస్ట్రియల్ టౌన్‌షిప్, అదే. ఆ నిర్మాణంలో ఇళ్ళు కట్టుకున్నదీ రోడ్లు వేసుకున్నదీ శరణార్థులే. యుద్ధ పరిహారంగా జర్మనీ నుంచి వచ్చి కలకత్తాలో పడివున్న డీజిల్ విద్యుత్ ప్లాంటును ఇక్కడికి తెచ్చి నిలబెట్టింది కూడా వాళ్ళే. ఆ కథను ఎల్.సి. జైన్ 'ద సిటీ ఆఫ్ హోప్' అనే పుస్తకంలో రాశారు. తర్వాత ఎస్కార్ట్స్ ట్రాక్టర్లు వచ్చాయి, 1979లో బల్లభ్‌గఢ్‌లో జేసీబీ వచ్చింది, వాటి చుట్టూ లేతు షెడ్లు పుట్టాయి. ఇనుముతో మాట్లాడే అలవాటు ఈ సందుల్లో అప్పటి నుంచీ ఉంది.

పని పూర్తయ్యాక ఆయన బండిని గురుగ్రామ్ రోడ్డుకు తీసుకెళ్తాడు. పాలీ దాటాక ఆరావళి ఎత్తు వస్తుంది, అక్కడ బరువు మీద ఇంజనును పరీక్షించవచ్చు. మూడో గేరులో, పదిహేను వందల దగ్గర నుంచి మూడు వేల ఆర్‌పీఎం దాకా ఒకే తొక్కుడు. పక్క సీట్లో శిష్యుడు స్కానర్‌లో కోరిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి గీతలు చూస్తుంటాడు. రెండు గీతలూ కలిసి నడిస్తే బండి ఇచ్చేస్తాడు. విడిపోతే యజమానితో రోగం రెక్కల దాకా పోయిందని, టర్బో దింపి విప్పి శుభ్రం చేయాల్సిందేనని, తన నూనె డబ్బాతో అయ్యే పని కాదని చెబుతాడు. తనకు రావాల్సిన డబ్బు తగ్గినా ఆ మాట దాచడు. నేను చూసిన బండి గీతలు కలిశాయి.

పదేళ్ళు నిండిన డీజిల్ కార్లు ఢిల్లీ చుట్టుపక్కల తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధాన్ని సమర్థించింది. పొగను అరికట్టాలన్నది న్యాయమైన కోరికే. అయితే రోడ్డు మీద ఉన్నన్నాళ్ళూ ఆ కారు నల్లగా పొగ కక్కకుండా చూడాల్సింది ఇలాంటి షెడ్లే. టర్బో సరిగ్గా గాలి ఇవ్వకపోతే డీజిల్ సగం కాలి మసిగా బయటికి వస్తుంది. ఆ సెంటీమీటరు నడక బాగుచేయడం ఊరి గాలికి చేసే మేలు కూడా.

మీ డీజిల్ కారుకు పికప్ పోయి, ఎవరైనా టర్బో మొత్తం మార్చాలని వేలల్లో లెక్క రాసిస్తే వెంటనే ఒప్పుకోకండి. రాడ్‌కూ లివర్‌కూ మధ్య క్లిప్పు తీయించి, లివర్ మీ వేళ్ళకు ఎలా తగులుతుందో ఒకసారి చూపించమని అడగండి. చూపించే మెకానిక్ దొరికితే, బండి ఆయనకే అప్పగించండి.